ఓడలు బండ్లు కావడానికి ఎన్ని తరాలు? ఇంటిపేర్లతో వేసే శతాబ్దాల లెక్క

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అని ఊరికే అనేస్తాం. ఎన్ని తరాలకు అవుతాయని అడిగితే మాత్రం జవాబు కొలిచే పద్ధతిని బట్టి మారిపోతుంది. తండ్రినీ కొడుకునూ పక్కపక్కన పెట్టి కొలిస్తే మూడు నాలుగు తరాల్లో ఎత్తుపల్లాలు చదునైపోతాయని తేలుతుంది. అదే వంశాన్ని ఇంటిపేరు పట్టుకుని వందల ఏళ్లు వెనక్కి తీసుకెళ్తే, పదో తరంలో కూడా పాత ఎత్తు ఎంతో కొంత మిగిలే ఉందని తేలుతుంది. ఈ తేడా ఎక్కడ పుడుతోంది, తెలుగు ఇంటిపేర్లతో అదే లెక్క వేయబోతే ఎక్కడ బెడిసికొడుతుంది అన్నదే ఇక్కడి విషయం.

ముందు మామూలు లెక్క. తండ్రి సంపాదన సగటు కంటే 10 శాతం ఎక్కువ ఉన్నప్పుడు, అలాంటి తండ్రుల కొడుకుల సంపాదన సగటు కంటే 4 శాతం ఎక్కువ ఉంటే, తరాల గుణకం 0.4 అంటారు. గుణకం సున్నాకు దగ్గరైతే ఏ ఇంట పుట్టారన్న దానితో పనిలేదు. ఒకటికి దగ్గరైతే తండ్రి ఎక్కడో కొడుకూ అక్కడే. డెన్మార్క్‌లో ఇది సుమారు 0.15, అమెరికాలో 0.5కు దగ్గర. గుణకం 0.4 అనుకుంటే మనవడి దగ్గరికి వచ్చేసరికి 0.16, మునిమనవడి దగ్గర 0.064 మిగులుతుంది. ముత్తాత జమీందారైనా పాలేరైనా మునిమనవడి మీద ఆ జాడ దాదాపు ఉండదన్నమాట.

ఈ లెక్కలో మొదటి లోపం ఒక్క ఏడాది ఆదాయాన్ని నమ్ముకోవడం. మిర్చికి ధర వచ్చిన ఏడాది రైతు ఆదాయం చూస్తే అతను భాగ్యవంతుడు, తామర పురుగు పడ్డ ఏడాది చూస్తే అప్పులవాడు. ఇలాంటి ఊగిసలాట గుణకాన్ని నిజం కంటే తక్కువ చేసి చూపిస్తుంది. అమెరికాలో 1980ల దాకా ఒక్క ఏడాది ఆదాయంతో లెక్కవేసి గుణకం 0.2 దగ్గరే ఉందని సంబరపడ్డారు. 1992లో గ్యారీ సోలన్ అనే ఆర్థికవేత్త తండ్రుల ఆదాయాన్ని ఐదేళ్ల సగటుగా తీసుకునేసరికి అది 0.4 దాటింది. ఇంకా ఎక్కువ ఏళ్ల సగటు తీసుకున్నవాళ్లకు 0.6 దాకా వచ్చింది. దేశం మారలేదు, కొలబద్ద మారింది.

రెండో లోపం ఇంకా లోతైనది. ఆదాయం ఒక్కటే హోదా కాదు. కాలేజీలో సంస్కృతం చెప్పే మేస్టారి జీతం ఊళ్లో సారా కాంట్రాక్టరు రాబడి ముందు దేనికీ చాలదు. అయినా ఎవరి పిల్లలు ఎటు వెళ్తారో ఊరివాళ్లకు తెలుసు. చదువు, పరిచయాలు, ఏ ఆఫీసులో ఏ కాగితం ఎవరికి ఇవ్వాలో తెలిసి ఉండడం, ఇంట్లో పుస్తకం ఉండడం, ఇవన్నీ కలిసిన ఒక లోపలి హోదా ఉంటుంది. బయటికి కనిపించే జీతమో భూమో దానికి వంకర నీడ లాంటిది.

దీన్ని అంకెల్లో పెడితే తేడా వెంటనే కనిపిస్తుంది. లోపలి హోదా తరం నుంచి తరానికి 0.75 వంతున దిగుతోందనుకుందాం. పైకి కనిపించే ఆదాయంలోని హెచ్చుతగ్గుల్లో సగమే ఈ లోపలి హోదా వల్ల వచ్చినవి, మిగతా సగం అదృష్టం, అనారోగ్యం, పంట ధర లాంటివి అనుకుందాం. అప్పుడు తండ్రికీ కొడుక్కీ మధ్య కనిపించే సంబంధం 0.5ను 0.75తో గుణిస్తే వచ్చే 0.375. తాతకూ మనవడికీ మధ్య 0.28. ముత్తాత దగ్గర 0.21. మామూలు పద్ధతిలో 0.375ను మళ్లీ మళ్లీ గుణించుకుంటూ పోయేవారు తాత దగ్గర 0.14, ముత్తాత దగ్గర 0.05 వస్తాయని చెబుతారు. కాబట్టి మూడు తరాల లెక్కలు చేతిలో ఉన్నవాళ్లు మొదట చేయాల్సిన పరీక్ష ఒకటుంది. తాత-మనవడి సంబంధాన్ని తండ్రి-కొడుకు సంబంధంతో భాగించాలి. వచ్చిన అంకె తండ్రి-కొడుకు గుణకం కంటే బాగా పెద్దదైతే, లోపల ఇంకేదో దిగుతోందని గుర్తు. స్వీడన్‌లోని మాల్మో నగరంలో 1938లో మూడో తరగతి చదువుతున్న పిల్లల వివరాలతో మొదలైన అధ్యయనం తర్వాత నాలుగు తరాలకు విస్తరించింది. అక్కడ కూడా రెండు తరాల గుణకం చెప్పిన దానికంటే ఎక్కువే ముత్తాతల జాడ కనిపించింది.

నాలుగు తరాలు దాటితే ఏ కుటుంబానికీ వరుసగా కాగితాలు దొరకవు. ఇక్కడే ఇంటిపేరు పనికొస్తుంది. ఈ దారిని ఎక్కువగా తొక్కినవాడు ఆర్థిక చరిత్రకారుడు గ్రెగరీ క్లార్క్. పద్ధతి వినడానికి సులువే. అరుదైన ఇంటిపేర్లను ఎంచుకోవాలి, ఎందుకంటే లక్షలమందికి ఉన్న పేరు ఏ వంశాన్నీ సూచించదు. ఆ పేర్లవారు మొత్తం జనంలో ఎంత వాటా ఉన్నారో ఒకచోట, డాక్టర్లలోనో పట్టభద్రుల్లోనో పెద్ద వీలునామాలు రాసినవారిలోనో ఎంత వాటా ఉన్నారో మరోచోట లెక్కపెట్టాలి. రెండో వాటాను మొదటి దానితో భాగిస్తే ఆ పేర్ల ప్రాతినిధ్యం వస్తుంది. ఒకటి వస్తే సగటు, నాలుగు వస్తే జనాభా వాటాకు నాలుగు రెట్లు.

ఆ రెట్లను అలాగే వాడకూడదు, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. నాలుగు రెట్లు మూడు రెట్లయితే గుణకం మూడు బై నాలుగు అనుకుంటారు. ముందు వాటిని హోదా మెట్లలోకి మార్చాలి. పైవర్గం అంటే జనంలో పై 1 శాతం అనుకుందాం. హోదా గంట ఆకారపు వక్రరేఖలో పరుచుకుని ఉంటే ఆ గీత సగటుకు 2.326 ప్రమాణ విచలనాల (సగటు నుంచి మనుషులు ఎంత ఎడంగా పరుచుకున్నారో చెప్పే కొలత) ఎత్తున ఉంటుంది. ఆ విచలనాన్నే ఇక్కడ మెట్టు అంటున్నాం. మన పేర్ల గుంపులో 4 శాతం మంది గీత దాటారంటే, వాళ్ల సొంత సగటు నుంచి గీత 1.751 దూరంలోనే ఉంది. కాబట్టి ఆ గుంపు సగటు మొత్తం సగటు కంటే 0.575 పైన ఉంది. తర్వాతి తరంలో 3 శాతం దాటితే అదే లెక్కన 0.445. భాగిస్తే గుణకం 0.77. దీన్ని ఇంకో తరం ముందుకు నడిపితే 2.4 శాతం గీత దాటాలి. నిజంగా అంత వచ్చిందా లేదా అన్నది లెక్కకు అసలు పరీక్ష. పైవర్గాన్ని 1 శాతంగా కాక 0.1 శాతంగా తీసుకుంటే అవే మెట్లు చాలా పెద్ద రెట్లుగా కనిపిస్తాయి. అందుకే రెండు దేశాల రెట్లను నేరుగా పోల్చి తీర్పు చెప్పేవారి మాట నమ్మకూడదు.

ఇంగ్లండ్‌లో ఈ పద్ధతికి కావాల్సిన సరంజామా అంతా ఉంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల్లో చదివినవారి పేర్లు మధ్యయుగాల నుంచి దొరుకుతాయి. 1858 నుంచి వీలునామాల కేంద్ర రిజిస్టరు ఉంది. క్లార్క్, నీల్ కమిన్స్ కలిసి ఆ వీలునామాల్లోని అరుదైన పేర్లతో 2012 దాకా ఐదు తరాల ఆస్తిని లెక్కగడితే గుణకం 0.70 నుంచి 0.75 మధ్య నిలబడింది. ఈ మధ్యలో రెండు ప్రపంచ యుద్ధాలు జరిగాయి, వారసత్వ పన్ను బాగా పెరిగింది, ఉచిత విద్య వచ్చింది. గుణకం మాత్రం పెద్దగా కదల్లేదు. ఇంకా వెనక్కి వెళ్తే, 1086 నాటి భూమి లెక్కల్లో కనిపించే, ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్ ప్రభువుల పేర్లు ఈ రెండు విశ్వవిద్యాలయాల్లో ఇప్పటికీ తమ వాటా కంటే కాస్త ఎక్కువగానే ఉన్నాయి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, దాన్ని చాలామంది చెప్పరు. కమ్మరి, వడ్రంగి, రొట్టెలు కాల్చేవాడు లాంటి వృత్తుల పేర్లు 13, 14 శతాబ్దాల్లో ఇంటిపేర్లుగా స్థిరపడ్డాయి. మొదట్లో చదువుకున్నవారిలో ఇవి దాదాపు కనిపించవు. రెండు వందల ఏళ్లు గడిచేసరికి జనాభాలో ఎంత వాటా ఉందో చదువులోనూ సుమారుగా అంత వాటాకు చేరాయి. గుణకం 0.75 అంటే ఎప్పటికీ మారదని కాదు, ఏడెనిమిది తరాలు పడుతుందని. 0.75ను ఎనిమిదిసార్లు గుణిస్తే 0.1 వస్తుంది.

ఇటలీలోని ఫ్లోరెన్స్ కథ ఇంతకంటే ప్రసిద్ధం. మిలాన్‌తో యుద్ధాల ఖర్చుకు డబ్బు చాలక 1427లో ఆ నగర పాలకులు ఇంటింటి ఆస్తీ అప్పూ వృత్తీ రాయించి పన్ను వేశారు. ఆ జాబితా నేటికీ ఉంది. ఇటలీ కేంద్ర బ్యాంకులో పనిచేసిన గుల్యెల్మో బరోనె, సౌరో మొచెత్తి దాన్ని 2011 పన్ను లెక్కలతో ఇంటిపేర్ల ద్వారా కలిపారు. ఆదాయానికి వచ్చిన గుణకం 0.04. చూడడానికి చీమంత. కానీ మధ్యలో ఉన్నవి 584 ఏళ్లు. తరానికి ముప్పై ఏళ్లనుకుంటే సుమారు 20 తరాలు. తరానికి 0.4 చొప్పున కరిగి ఉంటే ఇరవై తరాల తర్వాత దశాంశ చుక్క పక్కన ఏడు సున్నాలు పెట్టాక గాని అంకె రాదు. 0.04 మిగలాలంటే తరానికి 0.85 చొప్పున నిలిచి ఉండాలి. ఆనాటి ఆదాయపు వరుసలో పదో శతాంశంలో (వందమందిలో కింది నుంచి పదో స్థానంలో) ఉన్న పూర్వీకుడి స్థానంలో తొంభయ్యో శతాంశంలో ఉన్న పూర్వీకుడు ఉంటే నేటి వారసుడి ఆదాయం 5 శాతమే పెరుగుతుంది. పెద్ద లాభమేమీ కాదు. ఆరు శతాబ్దాలకు కూడా అది సున్నా కాకపోవడమే వింత.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. 1427 నాటికి ఫ్లోరెన్స్ పేదల్లో చాలామందికి ఇంటిపేరే లేదు. పైగా ఇక్కడ కలిపింది నిజమైన తాతనూ మనవణ్నీ కాదు, ఒకే పేరున్న రెండు గుంపుల్ని. గుంపుల సగటుతో లెక్కవేస్తే వ్యక్తుల అదృష్ట దురదృష్టాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. లోపలి హోదాను బయటపెట్టే సుగుణం అదే. గుంపు మొత్తానికి ఉన్న లక్షణం, అంటే జాతి, మతం, ప్రాంతం, కులం, దాన్ని కుటుంబపు లక్షణంగా చూపించే దోషమూ అదే.

ఒక ఉదాహరణ. ఒక కుటుంబం మొత్తం సమాజపు సగటు కంటే 2 మెట్లు పైన ఉంది. దాని కులం సగటు 1 మెట్టు పైన ఉంది. కులంలోనే పెళ్లిళ్లు, కులంలోనే చేయూత అయినప్పుడు ఆ కుటుంబం కరిగేది సమాజపు సగటు వైపు కాదు, కులం సగటు వైపు. లోపలి గుణకం 0.5 అనుకుంటే తరాల వరుస 2, 1.5, 1.25, 1.125. కులం సగటు కదలనంత కాలం ఒకటి దిగువకు రాదు. పేరు పట్టుకుని సమాజపు సగటు నుంచి చూసేవారికి మొదటి అడుగు 0.75లా, తర్వాతివి 0.83, 0.9లా కనిపిస్తాయి. లోపల మాత్రం చకచకా సగానికి సగం కరుగుతోంది. పశ్చిమ బెంగాల్‌లో కులీన బ్రాహ్మణుల (బ్రాహ్మణుల్లో పైశాఖగా చెలామణి అయినవారి) ఇంటిపేర్లతో క్లార్క్ లెక్కవేసినప్పుడు గుణకం 0.9 దగ్గర తేలింది. దాన్ని కుటుంబాల బిగింపుగా కంటే కులం బిగింపుగా చదవడమే సబబు. కెల్లీ వోస్టర్స్, మార్టిన్ నైబమ్ వంటి పరిశోధకులు అమెరికా, స్వీడన్ కుటుంబాల వివరాలతో ఇదే లోపలి హోదాను వేరే దారిలో కొలిస్తే 0.75 లాంటి పెద్ద అంకెలు రాలేదు.

క్లార్క్ 2023లో ఇంకో అడుగు వేశాడు. 1600 నుంచి 2022 దాకా ఇంగ్లండ్‌లో నాలుగు లక్షలకు పైగా మనుషుల వంశవృక్షాలు చూపి, దూరపు చుట్టాల మధ్య హోదా పోలిక తగ్గే తీరు జన్యు వారసత్వపు సూత్రానికి సరిపోతోందన్నాడు. సరిపోవడం వేరు, కారణం కావడం వేరు. దగ్గరి చుట్టాలు జన్యువులతో పాటు ఇల్లూ బడీ పరపతీ కూడా అదే క్రమంలో పంచుకుంటారు. ఎడం పెరిగేకొద్దీ రెండూ ఒకేలా తగ్గుతాయి. ఆ వాదంలో గట్టిగా నిలబడేది మాత్రం ఒకటుంది. సమాన హోదా ఉన్నవారి మధ్యే పెళ్లిళ్లు జరిగితే, కారణం ఏదైనా సరే, కరుగుదల నెమ్మదిస్తుంది.

కాబట్టి కొలవాల్సిన కుటుంబం ఎంత పెద్దది అన్నది మొదటే తేల్చుకోవాలి. ఈ పాఠం చైనా చరిత్రకారులు ఎప్పుడో నేర్చుకున్నారు. 1148, 1256 సంవత్సరాల రాజోద్యోగ పరీక్షల ఉత్తీర్ణుల జాబితాల్లో ప్రతి ఒక్కరి తండ్రి, తాత, ముత్తాతల పేర్లూ పదవులూ ఉన్నాయి. మొదటి జాబితాలో తత్వవేత్త జూ షీ పేరు కూడా ఉంది. 1947లో ఎడ్వర్డ్ క్రాకె ఆ జాబితాలు చూసి, సగానికి పైగా ఉత్తీర్ణుల ముందు మూడు తరాల్లో ఉద్యోగి ఎవరూ లేరని, అంటే కొత్త నెత్తురు ధారాళంగా వచ్చిందని తేల్చాడు. 1980ల్లో రాబర్ట్ హైమ్స్ ఒక్క జిల్లాను పట్టుకుని పినతండ్రులు, మేనమామలు, మామగార్లు, పెదతాతలను కూడా లెక్కలోకి తెస్తే ఆ కొత్తవారిలో చాలామంది కొత్తవారు కారని తేలింది. నిట్టనిలువు వరుసలో లేని ఉద్యోగి పక్క వరుసలో ఉన్నాడు.

అదే దేశంలో ఎనిమిది శతాబ్దాల తర్వాత ఇంకో పరీక్ష జరిగింది. కమ్యూనిస్టు విప్లవం భూస్వాముల భూమి లాక్కుని పంచింది. సాంస్కృతిక విప్లవం వాళ్ల పిల్లలకు చదువు దారులు మూసింది. మధ్య తరంలో తేడా నిజంగానే చెరిగిపోయింది. మూడో తరం వచ్చేసరికి పాత పెద్దింటి మనవలు ఇతరుల కంటే సుమారు 16 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారని అల్బెర్టో అలెసీనా బృందం చూపింది. భూమి పోయింది, కాగితాలు పోయాయి. ఇంట్లో పెద్దల పెంపకమూ వంశపు బంధుత్వాలూ పోలేదు.

తెలుగు నేల మీద ఈ లెక్క వేయాలనుకునేవారికి ఒక లాభం, నాలుగైదు చిక్కులు. లాభం ఏమంటే ఇంటిపేర్లు వేలకొద్దీ ఉన్నాయి. చాలావరకు అరుదైనవే. ఇంగ్లండ్‌లో వెతికి ఏరుకోవాల్సిన అరుదైన పేర్లు ఇక్కడ ఓటర్ల జాబితాలో పేజీ పేజీకీ తగులుతాయి.

మొదటి చిక్కు పొడి అక్షరం. పాత పట్టభద్రుల జాబితాల్లోనూ ఉద్యోగుల జాబితాల్లోనూ ఇంటిపేరు మొదటి అక్షరంగా కుంచించుకుపోతుంది. కె. రామారావు అంటే కకారం నుంచి మొదలయ్యే వందల ఇంటిపేర్లలో ఏదైనా కావచ్చు. ఇంగ్లిషులో రాసినప్పుడు ఒకే పేరు నాలుగు వర్ణక్రమాల్లో కనిపిస్తుంది, కాబట్టి పేర్లన్నిటినీ ముందు తెలుగు లిపిలోకి మార్చి, ఆ తర్వాతే కలపాలి. అమెరికా వెళ్లినవారి పిల్లలకు కొన్నిసార్లు ఇంటిపేరు స్థానంలో తండ్రి పేరో, రావు, రెడ్డి లాంటి బిరుదో స్థిరపడుతుంది. అక్కడితో ఆ తీగ తెగినట్టే.

ఇంకో చిక్కు, ఊరి పేర్ల నుంచి వచ్చిన ఇంటిపేర్లు కులాలకు కట్టుబడవు. ఒకే ఊరు విడిచి వెళ్లిన బ్రాహ్మణుడికీ రైతుకీ మాలకీ అదే ఇంటిపేరు ఉండవచ్చు. గోత్రమో ఊరో తోడు లేకుండా ఇంటిపేరును వంశంగా తీసుకుంటే మూడు వేర్వేరు చరిత్రల సగటు వస్తుంది. ఆ సగటు ఏ ఒక్కరిదీ కాదు. పాత రికార్డుల్లో కూలిజనం ఒంటిపేరుతో, కులం పేరుతో మాత్రమే కనిపిస్తారు. కాబట్టి ఎంత జాగ్రత్తపడినా వెనక్కి వెళ్లేకొద్దీ లెక్కలో మిగిలేది భూమీ అక్షరమూ ఉన్నవారే. ముస్లిం కుటుంబాల్లో చాలావాటికి ఇలా తరతరాలకు దిగే ఇంటిపేరే ఉండదు. వాళ్లు ఈ జల్లెడలో పడనే పడరు.

రికార్డులు అసలు లేవని అనుకోవడమూ పొరపాటే. ఆంధ్ర ప్రాంతంలో 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలో ఇనాం (శిస్తు మొత్తమో కొంతో వదిలి దానంగా ఇచ్చిన భూమి) ఎవరు ఇచ్చారు, మొదట పొందినవాడెవరు, ఇప్పుడు అనుభవిస్తున్నవాడు అతనికి ఏమవుతాడు అన్న వివరాలుంటాయి. ఒక్క పేజీలో మూడు నాలుగు తరాలు దొరుకుతాయి. బ్రిటిష్ హయాంలోని రీసెటిల్మెంట్ రిజిస్టరు, తర్వాతి అడంగళ్లు సర్వే నంబరు వారీగా భూమి చేతులు మారిన తీరు చూపిస్తాయి. తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ ఇలాంటి ఆధారమే. పాత కాగితాల్లో ఫసలీ సంవత్సరాలు, అంటే శిస్తు లెక్కల సంవత్సరాలుంటాయి, 590 కలిపితే ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. ఆంధ్ర ప్రాంతపు ఫసలీ జులైలో మొదలవుతుంది గనుక ఏడాది తేడా పడకుండా చూసుకోవాలి. చదువు వైపు మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో మొదలైంది, విశాఖ వైద్య కళాశాల 1923లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో. హైదరాబాదులో ఉస్మానియా 1918లో వచ్చింది. తరానికి పాతికేళ్లు వేసుకుంటే చదువు జాబితాలతో ఆరేడు తరాలు పట్టవచ్చు.

అసలు ముడి మాత్రం రికార్డుల్లో లేదు, పెళ్లిళ్లలో ఉంది. ఇంటిపేరు మగ వరుసనే పట్టుకుంటుంది. ఇల్లరికపు అల్లుడు తన ఇంటిపేరుతోనే వచ్చి మామగారి నలభై ఎకరాలు అనుభవిస్తాడు. లెక్కలో ఒక వంశం హఠాత్తుగా మాయమై ఇంకో వంశం ఆకాశం నుంచి ఊడిపడినట్టు కనిపిస్తుంది. దత్తుడి విషయం దీనికి తలకిందులు, పేరు నిలుస్తుంది, రక్తం మారుతుంది. కూతురికి పసుపు కుంకుమ కింద ఇచ్చిన రెండెకరాలు మరో ఇంటిపేరు మీదికి వెళ్తాయి. ఇక మేనరికం. రెండు మూడు ఇంటిపేర్లు నాలుగైదు తరాలపాటు పిల్లల్ని ఇచ్చిపుచ్చుకుంటుంటే భూమి ఆ ఇళ్ల మధ్యే తిరుగుతుంది. ఒక్క ఇంటిపేరును విడదీసి చూస్తే ఆస్తి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. మూడింటినీ కలిపి చూస్తే గట్టు మీద రాయి కదలదు. తెలుగు కుటుంబాలకు సరైన కొలత ఇంటిపేరు కాదు, సంబంధాలు కలుపుకునే ఇళ్ల వలయం. హైమ్స్ చైనాలో చూసిన పక్క వరుస ఇక్కడ నట్టింట్లోనే ఉంది.

భూమి ఒక్కదాన్నే హోదా అనుకుంటే ఇక్కడ అందరూ దిగజారినట్టే కనిపిస్తుంది. ఇంగ్లండ్ పెద్దిళ్లలో ఎస్టేటు పెద్దకొడుకుకే పోతుంది. మన దగ్గర తరతరాలుగా కొడుకులందరికీ సమాన వాటా నడిచింది. 40 ఎకరాలు, తరానికి ఇద్దరు కొడుకులు చొప్పున మూడో విభాగానికి 5 ఎకరాలు. ముగ్గురేసి అయితే ఎకరం 48 సెంట్లు. దీనికి మినహాయింపు 1802 శాశ్వత శిస్తు కింద నిలిచిన జమీందారీలు. వాటిలో పెద్దవాటిని విభజించరాదని 1904 చట్టం ఖాయం చేసింది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ గోడా కూలింది. తెలంగాణలో జాగీర్లు 1949లో పోయాయి. ముక్కలైన భూమిని చదువుగానో ఉద్యోగంగానో మార్చుకున్న ఇల్లు నిలిచింది, మార్చుకోనిది కరిగింది. కరణాల సంగతి చూస్తే ఇది తేటతెల్లమవుతుంది. వాళ్ల బలం ఎకరాల్లో కంటే లెక్కలు రాసే చేతిలో ఉంది. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల పదవుల్ని ఒక్క కలంపోటుతో రద్దు చేసింది. చాలా ఇళ్లలో అప్పటికే తర్వాతి తరం కచేరీల్లో, బ్యాంకుల్లో, బడుల్లో కుదురుకుని ఉంది. దెబ్బతిన్నది పదవినే నమ్ముకుని ఊళ్లో మిగిలిన శాఖ.

ఇంగ్లండ్, ఫ్లోరెన్స్ లెక్కలకూ మన లెక్కకూ ఉన్న అసలు తేడా ఇంకొకటి. అక్కడ కుటుంబాలు విడివిడిగా మెల్లగా జారాయి, మెల్లగా ఎక్కాయి. ఇక్కడ గుంపులు గుంపులుగా కుదుపుతో లేచాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో సాగుభూమి ఉన్న రైతు కులాలన్నిటికీ ఒకేసారి మెట్టు పెరిగింది. ధాన్యం మిగులు అప్పులిచ్చే సొమ్ముగా, తర్వాత రైసు మిల్లుగా, సినిమా హాలుగా, కొడుకు ఇంజనీరింగ్ సీటుగా మారింది. కాలువ కింద భూమి లేని కూలీకి అదే ఆనకట్ట పని రోజులను పెంచిందే గాని మెట్టు పెంచలేదు. ఒంగోలులో ఇంకో రకం కుదుపు. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మాదిగ కుటుంబాలకు పని పెట్టాడు. 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మతం సంగతి అటుంచితే, ఆ వెంట వచ్చింది బడి. అక్షరం దొరికిన ఇళ్లలో కొన్ని మిషన్ పంతులు, నర్సు, ప్రభుత్వ బడి టీచరు అన్న వరుసలో నడిచాయి. 1950 తర్వాత రిజర్వేషన్లు వచ్చినప్పుడు దరఖాస్తు పెట్టడానికి చదువు కాగితం ఉన్నది మొదట ఈ ఇళ్లకే, అయితే కాగితాల మీద క్రైస్తవులుగా ఉన్నవారికి ఎస్సీ హోదా వర్తించలేదు. అదే పేటలో బడి అందని ఇంటికి ఆ మెట్టు ఇంకో రెండు తరాలు ఆలస్యమైంది.

దేశమంతటి చదువు లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. శామ్ ఆషర్, పాల్ నొవోసాద్, చార్లీ రాఫ్కిన్ చేసిన అధ్యయనం ప్రకారం, చదువులో కింది సగం ఇళ్లలో పుట్టిన పిల్లలు వరుసలో ఎంత పైకి వెళ్తున్నారన్నది మొత్తం మీద దశాబ్దాలుగా దాదాపు మారలేదు. ఆ సగటు కింద మాత్రం ఎస్సీ, ఎస్టీలు ముందుకు జరిగారు, ముస్లింలు వెనక్కి జరిగారు. గుణకం ఒక్కటే చూసేవారికి ఈ రెండు కదలికలూ కనిపించవు.

అందరూ ఎక్కడమన్నది మాత్రం ఈ లెక్కలో కుదరదు. తాత పూరింట్లో ఉండి మనవడు డాబా ఇంట్లో ఉండడం ఎదుగుదలే, కానీ ఊరంతా డాబాలే అయితే వరుసలో స్థానం అక్కడే ఉంది. స్థానం మారాలంటే ఒకరు ఎక్కిన మెట్టు నుంచి ఇంకొకరు దిగాలి. గుణకం కొలిచేది ఈ రెండోదాన్నే. ఇళ్లలో చెప్పుకునే కథలన్నీ మొదటి దాని గురించే.

ఇకముందు ఇంటిపేరుతో లెక్క ఇంకా కష్టమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి, దేశమంతటా 2005 నుంచి కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కుంది. ఆస్తిలో సగం మరో ఇంటిపేరు మీదికి పోతుంటే మగ వరుసను పట్టుకుని నడిచేవాడికి సగమే దొరుకుతుంది. రెండు వైపులనూ కలిపి పట్టుకోవాలంటే ఉపయోగపడే కాగితం ఒకటి చాలా ఇళ్లలో ట్రంకుపెట్టె అడుగున ఉంది. పాత పెళ్లి శుభలేఖ. రెండు ఇంటిపేర్లు, రెండు ఊళ్లు, వధూవరుల తల్లిదండ్రులు, చాలావాటిలో తాతల పేర్లు, పేరు పక్కన బి.ఏ. అనో కరణం అనో రైతు అనో ఒక ముక్క, ముహూర్తపు తేదీ. ఒక వలయంలోని ఇళ్ల నుంచి ముప్పై నలభై శుభలేఖలు పోగైతే, ఇంటిపేరు తెగిన చోటల్లా తీగ మళ్లీ కలుస్తుంది.